దోమగారి ప్రమోషన్

రక్తపరీక్షల ల్యాబు. హాలు మూల, ప్లైవుడ్ అడ్డుగోడ వెనక మైక్రోస్కోపు ముందు కూర్చునే పెద్దావిడను అక్క అంటారు. ట్రే పట్టుకుని ఆమె ఎదుట నిలబడ్డవాణ్ణి దోమ అంటారు. ఏళ్ళ తరబడి కౌంటరులో జనానికి రక్తం తీస్తూ, తీసినంతసేపూ చెవిలో మోగుతూ ఉండడం వల్ల వచ్చిన పేరు అది. పోయిన నెలే అతన్ని సూపర్‌వైజరును చేసి, విడిగా ఏసీ గది ఇచ్చారు.

"వద్దంటే వినవేం? ఇవాళ కుదరదు. పోయి ఇంకెవరిదైనా తీసుకో."

"ఇంకెవరున్నారక్కా? స్టాఫంతా ఇచ్చేశారు. వాచ్‌మన్ ఇచ్చాడు. డాక్టరుగారే ఇచ్చారు. ఏడాదికోసారి అందరూ పరీక్ష చేయించుకోవాలని రూలు పెట్టింది ఆయనేగా. మిగిలింది నువ్వొక్కదానివే."

"నాకేం రోగం లేదు."

"అది చెప్పాల్సింది నీ రక్తం, నువ్వు కాదు."

"అయినా సూపర్‌వైజరువి, నువ్వు సూది పట్టుకోకూడదుగా. నీ బదులు కౌంటరులోకొచ్చిన ఆ కొత్తమ్మాయిని పంపు."

"పంపినప్పుడల్లా బాత్రూంలో దాక్కుంటున్నావట. ఊరందరి రక్తం అద్దం కింద పెట్టి చూస్తావు, సూదంటే నీకింత భయమేంటక్కా?"

"భయమెవరికి? ఆ పిల్ల చెయ్యి మంచిదే. కానీ నోరు తెరవదు. సూదికేసి చూస్తుంది, నాకేసి చూస్తుంది, కసాయివాడు మేకని చూసినట్టు. ఒక్క మాటుండదు."

"నువ్వేమన్నా మాట్లాడతావేంటి?"

"నేను మాట్లాడను. నాకు గుచ్చేవాళ్ళు మాట్లాడాలి."

"సరే, గుచ్చను. ఇదిగో, ట్రే ఇక్కడ పెట్టేశాను. నా గోడు చెప్పుకుని పోతాను, కూర్చో."

"గోడు చెప్పుకోడానికి నీకు గదిచ్చారుగా."

"ఆ గదే నా గోడు."

"ఏమొచ్చింది గదికి? ఏసీ ఉంది. తిరిగే కుర్చీ ఉంది."

"తిరిగే కుర్చీయే. ఎటు తిరిగినా గోడే. పొద్దున్నించీ రిపోర్టులు చదవడం, సంతకం పెట్టడం. చదవడం, పెట్టడం. ఒక్క మనిషి రాడక్కా."

"ఒక్కరు కూడానా?"

"ఒక్కరు కూడా."

"రోజంతా?"

"రోజంతా. నిన్న ఏసీ బాగుచేసేవాడొచ్చాడు. కాస్త కబుర్లలో పెడదామనుకునేలోపే, ఏసీ బాగానే ఉందని చెప్పి పారిపోయాడు."

"చెడిపోలేదా మరి?"

"చెడిపోవడమేంటి? మనిషి మొహం చూద్దామని నేనే పిలిచాను. అంతకుముందు ఊడ్చే ఆవిడని పిలిచి మీటింగు పెట్టాను. చెత్తబుట్ట ఎక్కడ పెడితే బాగుంటుందని ముప్పావుగంట చర్చించాం."

"ఏం తేలింది?"

"ఉన్నచోటే ఉండనివ్వాలని."

"ఫోనైనా మోగదా?"

"మోగదు."

"అదృష్ట... పాపం."

"ఏమన్నావు?"

"పాపం అన్నాను."

"పాపమే మరి. ఆమధ్య ఒకాయనొచ్చి మనకి క్లాసు చెప్పాడు చూడు, మనుషులు రెండు రకాలని..."

"వచ్చాడు. నేను వెనక బెంచీలో కూర్చున్నాను."

"నన్ను లేపి నిలబెట్టి, బహిర్ముఖుడంటే ఇదిగో ఇతనే అని చూపించాడా లేదా? ఇలాంటివాడికి జనంలో ఉంటేనే బలం, నోటితో అన్నాకే తనేమనుకుంటున్నాడో తనకి తెలుస్తుంది అన్నాడా లేదా? డాక్టరుగారు ముందు వరసలో కూర్చుని తలూపారా లేదా? తీరా చేసిందేంటి? ముఖం బయటికున్నవాణ్ణి తీసుకెళ్ళి లోపలేసి తలుపు మూశారు."

"అది గౌరవం, నాయనా."

"గౌరవం తిరిగి మాట్లాడదుగా అక్కా! కౌంటరులో ఉన్నప్పుడు పొద్దస్తమానం జనాన్ని చూసి కూడా, ఇంటికి ఈల వేసుకుంటూ పోయేవాణ్ణి. ఇప్పుడు ఎవరితో పలక్కుండానే ఒళ్ళు హూనమైపోతోంది."

"పోనీలే, గొంతుకైనా విశ్రాంతి."

"ఏం విశ్రాంతి? ఇక్కడ మిగిలిన మాటలన్నీ ఇంటికి మోసుకుపోతున్నాను. నీ మరదలు మొదట్లో ప్రమోషనని చుట్టాలందరికీ ఫోన్లు చేసిందా? ఇప్పుడు నేను గుమ్మంలోకి రాగానే మిక్సీ వేస్తోంది."

"ఏం రుబ్బుతోంది?"

"ఏమీ లేదు, ఖాళీ మిక్సీ. మా అమ్మాయైతే, నాన్నా, నీకు సౌండు తగ్గించే బటన్ ఎక్కడుందని వీపంతా వెతికింది."

"తెలివైన పిల్ల."

"నవ్వకు. చెయ్యి ఇలా పెట్టు."

"ఎందుకు?"

"నరం ఏ చేతికి బాగా దొరుకుతుందో చూసి ఆ కొత్తమ్మాయికి చెప్తాను. పట్టీ కడితే గుచ్చినట్టా?"

"చూడ్డమే."

"చూడ్డమే. కావాలంటే కళ్ళు మూసుకో. పొద్దున వస్తాదు సంగతి విన్నావా?"

"దబ్బుమని ఏదో పడ్డ చప్పుడు విన్నాను. బీరువా అనుకున్నాను."

"బీరువా కాదు, జిమ్ము నడిపే ఆయన. గుమ్మంలోంచి పక్కకి తిరిగి రావాలి, అంత మనిషి. ఆ పిల్ల కూర్చోండి అంది, అంతే, మళ్ళీ మాట లేదు. ఆయన సూదికేసి చూస్తూ, చూస్తూ, కుర్చీతో సహా... అదే నేనైతేనా? సార్, రోజుకెన్ని గుడ్లు తింటారు, పచ్చసొనతోనా, తీసేసా అనేవాణ్ణి. ఆయన గుడ్ల దగ్గరుండగా నా పని అయిపోయేది."

"పరిగెత్తుకొచ్చావుగా. నీ గొంతు వినపడింది."

"రానా మరి? ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళు చల్లి, తేరుకున్నాక కబుర్లలో పెట్టి, రక్తం తీసి పంపాను. దానికి డాక్టరుగారేమన్నారో తెలుసా? సూపర్‌వైజరు నేలమీద కూర్చోకూడదట! నువ్వు చెప్పాలక్కా ఆయనకి."

"నేనా?"

"నువ్వే. నేను రోజూ వాగుతాను కాబట్టి నా మాట ఫ్యాను చప్పుడు కింద లెక్క. నువ్వు నోరు విప్పితే ఆయన పెన్ను కింద పెట్టి వింటారు. నన్ను మళ్ళీ కౌంటరుకి పంపెయ్యమను."

"నేను చెప్పలేను."

"ఎందుకని?"

"చెప్పలేను, అంతే."

"అంతే అంటే? నేను బయటుంటే నీకు చిరాకు. నా గోల వదిలింది, హాయిగా ఉంది. అవునా కాదా?"

"హాయా! ఏం హాయి? నువ్వు పోయాక ఈ హాలు... అబ్బ! ఏదో కుట్టింది!"

"దోమ. నువ్వు చెప్పు, నేను పోయాక ఏమైంది?"

"ఏమవుతుంది? ఇదివరకు నీ గోల ఒక్కటే, వానచప్పుడులాగా అలవాటైపోయింది. ఇప్పుడు నువ్వు లేవని జనమంతా నామీద పడుతున్నారు! రిపోర్టెప్పుడని ఒకడు, బండి ఎక్కడ పెట్టాలని ఒకడు. మొన్న ఒకావిడ కోడలిమీద చాడీలన్నీ చెప్పి, న్యాయం నన్ను చెప్పమంది. నేనేం చెప్పేది? ఈలోపు ఇంకొకడొచ్చి నా పక్కన ఫ్రిజ్ తలుపు తీస్తాడు. కణాలు లెక్కపెడుతున్నదాన్ని, మళ్ళీ మొదట్నించి. సాయంత్రానికి ఒంట్లో ప్రాణం ఉండట్లేదు. ఇంటికెళ్ళి లైటు కూడా వెయ్యకుండా కూర్చుంటున్నాను. మా ఆయన ఏమైందని పలకరిస్తే ఏడుపొస్తోంది. నువ్వు జనాన్ని తిని బతుకుతావు. నన్ను జనం తినేస్తారు... ఏంటలా చూస్తున్నావు?"

"ఏం లేదు. ఈ దూది గట్టిగా నొక్కిపట్టుకో."

"దూదెందుకు? ఓరి నీ... తీసేశావా?"

"కోడలి చాడీలు ఇంకా పూర్తి కాలేదు, నా పని అయిపోయింది."

"దొంగవెధవా! చూడ్డమే అన్నావు!"

"చూశాను, దొరికింది. ఇప్పుడు చెప్పక్కా. నీ అంతటిదాన్ని కూర్చోబెట్టి తీసిన చెయ్యి ఇది. దీంతో సంతకాలు పెట్టించుకుంటారా? కోపమొచ్చిందా?"

"కోపం కాదు. ఆ గది తలుపుకి లోపలినించి గడియ ఉందా?"

"ఉంది. ఎందుకు?"

"తలుపేస్తే ఇక్కడి మాటలు వినిపిస్తాయా?"

"గుసగుస కూడా రాదు. అదేగా నా ఏడుపు! నేనడిగేదేంటి, నువ్వడిగేదేంటి? డాక్టరుగారితో చెప్తావా, చెప్పవా?"

"చెప్తాను. ఇప్పుడే పోదాం. నువ్వూ రా, నేను మధ్యలో ఆగిపోతే నువ్వందుకో."

"ఇందాక చచ్చినా చెప్పలేనన్నావుగా?"

"చెప్పలేకపోబట్టే వచ్చిందిదంతా. ఆ గది ఎవరికిద్దామని ఆయన ముందుగా అడిగింది నన్నే. నాకే ఇవ్వండి అందామని నోరు తెరిచాను, మాట పెగల్లేదు. గోడవతల నువ్వెవరితోనో నవ్వుతూ ఏదో చెప్తున్నావు. నా నోట్లోంచి నీ పేరొచ్చింది."