బాయి కాడికి బాట

క్యాంపస్‌లో పాత నక్షాల గది. బల్లకు ఒకవైపు అక్కడ పనిచేసే అక్షర, మరోవైపు డెబ్బై దాటిన రాజలింగు. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి పడుతోంది.

“మళ్ల సూడు బిడ్డా.”

“మూడుసార్లు చూశాను తాతగారూ. మీ బస్తీ ఇందులో లేదు.”

“లేకుంటె ఎట్ల? నాకప్పుడు ఏడేండ్లు. నలభై ఇండ్లుండె. నా కండ్ల ముంగట్నే ఈ నక్ష గీసిండ్రు.”

“ఇదిగో తార్నాక. మా అపార్ట్‌మెంట్ ఉన్నచోట జొన్నచేను. ఇది మెట్టుగూడ వైపు రైలు పట్టా. ఇదేమో మీ జాగా. ఖాళీ.”

“గా గుండ్రంది ఏంది?”

“బావి.”

“దాని కాడికి బాట?”

“ఉంది.”

“బాయి ఉన్నది. బాయి కాడికి బాటున్నది. నడిచెటోళ్లు లేరా? నీళ్లు దయ్యాలు తోడినయా?”

“నన్ను కోప్పడితే నేనేం చేయను? అప్పట్లో అక్కడ ఇళ్లున్నాయని చూపించమనే కదా రేపు కోర్టులో అడిగేది.”

“సూపకుంటె కూలగొడ్తరు. అంతేగద?”

“...అంతే.”

“ఈ సర్వేకు జాగ కొలిచే గొలుసు పట్టింది మా నాయిన మల్లయ్యనే. ఎండల, కాళ్లకు చెప్పుల్లేకుండ.”

“అయితే ఆయనకు తెలిసే...”

“తెల్వదన్నడు. మొదటిసారి నోటీసొచ్చిన్నాడు అందరు ఆయన మీద పడ్డరు. లంచం తిని మమ్ముల మాయం జేసినవన్నరు. సచ్చిపోతే పాడె మొయ్య నలుగురు దొర్కలే.”

“అంత మాటన్నా ఆయన ఎదురు చెప్పలేదా?”

“చెప్పలే. నా దిక్కు సూసి ఊకున్నడు. ఇప్పటికీ కలలకొస్తడు. వచ్చి గట్లనే సూస్తడు. భయమైతది బిడ్డా.”

“ఉండండి. ఇది అచ్చు కాదు, చేత్తో గీసిన కాగితం. కాస్త ఎండకు తిప్పనివ్వండి... అయ్యో!”

“ఏంది?”

“ఇక్కడ కాగితం పలచబడింది. పెన్సిల్‌తో గీశాక, సిరా పెట్టకముందే ఎవరో రబ్బరుతో రుద్దేశారు. గీత పోయింది కానీ నొక్కు పోలేదు. వేలు పెట్టండి. చిన్న చిన్న గళ్లు తగులుతున్నాయా?”

“...ఇండ్లు. గివి మా ఇండ్లే.”

“బావి చుట్టూ అన్నీ ఇళ్లే! తాతగారూ, ఇవాళే రిపోర్టు రాసిస్తాను. అదేంటి, ఏడుస్తున్నారా?”

“రాయి. రాయి బిడ్డా.”

“కానీ చెరిపిందెవరని అడుగుతారు. మీ నాన్నగారి పేరు చెప్పక తప్పదేమో. ఏమనుకోకండి.”

“ఆయన పేరు రాయకు!”

“మరి ఇంకెవరు?”

“సర్వే సారు చెట్టుకింద అన్నం తింటుండె. కాయితం సుట్టి ఆఫీసుకు తీస్కపోతమన్నరు. దాని మీదున్న ఇండ్లు గూడ తీస్కపోతరనుకున్న. రబ్బరు పట్టింది నేను బిడ్డా. మా నాయిన సూసిండు.”