మౌలాలి దాచిన తాళం

లింగాల పొలిమేరలో అరటితోట, పొద్దున ఎనిమిదిన్నర. గౌరి చేతిలో ఉన్నది పికప్ బండి నడిపే మౌలాలి ఫోను. అవతల ప్రొద్దుటూరులో మాట్లాడుతున్నది అతని భార్య మెహబూబున్నీసా. ఈ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసుకోలేదు.

"తాళం సంగతి నన్నెందుకు అడుగుతావమ్మా? బండి ఆయనది, తాళం ఆయనది. ఆయన్నే అడుగు."

"ఆయప్ప ఇప్పుడు చెప్పే… ఆయప్ప ఈడ లేడక్కా. నీకు చేసి కనుక్కోమన్నాడు."

"లేడా? ఫోను నీ చేతిలో పెట్టి ఆయన యాడికి పోయినాడు?"

"ఆడ, మోటరు కాడ. కాళ్లు కడుక్కుంటాండాడు."

"కడుక్కొని రానీ. తొందరేముంది?"

"తొందర ఉంది. శానా తొందర ఉంది అక్కా. నేను గౌరిని, ఈ తోట మాదే. గెలలు ఎక్కించుకొని పోను మీ ఆయన పొద్దున్నే బండి తెచ్చినాడు. రేడియేటరుకు నీళ్లు ముంచను వంగితే పైజేబులోని తాళం బావిలో పడిపాయ. ఇంకోటి బండికే యాడనో దాచినాడంట గదా. అది యాడుందో చెప్పు, చాలు."

"దాచినాయనకు తెలీదా?"

"తెలుసు గానీ…"

"తెలిస్తే ఆయనే తీసుకుంటాడు. నడుమ నేనెందుకు, నువ్వెందుకు?"

"అది కాదక్కా. ఆయప్పకు ఇప్పుడు మాట్లాడను వీలు గాదు."

"కాళ్లు కడుక్కునేదానికి నోటికీ ఏం సంబంధమమ్మా?"

"అక్కా, నీకు దండం పెడతా. ముందు చోటు చెప్పు, కారణం తర్వాత చెప్తా."

"అర్థమైందిలే. పక్కనే నిలబడి ఇంటాండాడు గదా? నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకొని. చెప్పు ఆయనకు, ఈసారి మెహబూబున్నీసా మోసపోదని."

"ఈసారి ఏంది? మోసమేంది?"

"ఏమీ తెలీనట్ల అడుగుతాండావే. పోయినేడు ఆయన స్నేహితుడు వలి బాషా ఫోన్ చేసినాడు. 'వదినా, మౌలాలికి జమ్మలమడుగు కాడ యాక్సిడెంటైంది, బండి రోడ్డుకు అడ్డంగా నిలబడిపోయింది, స్పేరు తాళం యాడుంది' అని. డీజిలు ట్యాంకు వెనక అయస్కాంతం డబ్బీలో ఉందని గడగడా చెప్పేస్తి. చెప్పినానో లేదో, ఫోన్లో మా ఆయన నవ్వు. ఇంటికొచ్చి వారం దినాలు తిట్టినాడు, నీ నోట్లో నువ్వుగింజ గూడా నానదని."

"అక్కా, ఇది అట్లాంటిది కాదు…"

"ఉండు, చెప్పనీ. చోటు మార్చినాడు. ఆరునెల్లకు మళ్లా పరీక్ష. ఈసారి ఎవరో ఆడమనిషితో చేయించినాడు. ఆ తల్లి ఏం ఏడుపు ఏడ్చిందో! ఆమె ఏడుస్తాంటే నేనూ ఏడ్చి, స్పేరు టైరు లోపల తీగతో కట్టిండాదని చెప్పేస్తి. మళ్లా నవ్వు, మళ్లా తిట్లు, మళ్లా చోటు మార్పు. ఇప్పుడు మూడోది నువ్వు. నువ్వు ఆమెకంటే బాగా చేస్తాండావు, అది మాత్రం ఒప్పుకుంటా."

"ఇదేం పాడు ఆటక్కా మీది?"

"ఆట కాదమ్మా, ఆయన భయం ఆయనది. ఆయన తమ్ముని బండి చిలమకూరు కాడ నిలిపి టీకి పోతే, రెండో తాళం యాడుందో కనుక్కొని ఎవరో తోలుకొనిపోయినారు. ఆ పిల్లోడు ఇప్పుడు ఇంకొకరి బండికి కూలికి పోతాండాడు. అప్పట్నుంచి ఈయన భార్యను గూడా నమ్మడు. 'నేను చచ్చినానని ఎవరన్నా చెప్పినా సరే, చోటు చెప్పొద్దు' అని నా బిడ్డ బుష్రా తల మీద నా చెయ్యి పెట్టిచ్చి ఒట్టేయించినాడు. ఇంక నువ్వు ఏం అడిగినా ఒకటే. పెట్టేస్తాండా."

"పెట్టొద్దు! అక్కా, ఉండావా? ఉండావా అక్కా?"

"ఉండా. చెప్పు."

"కూర్చో. కూర్చొని గుక్కెడు నీళ్లు తాగు."

"పోయినసారి ఏడ్చినామె గూడా ఇట్లనే కూర్చోమనింది."

"మీ మొగుడూ పెళ్లాల పరీక్షలు పాడుగాను! మనిషి పోతాండాడిక్కడ. ఆయప్ప మోటరు కాడ లేడు, కాళ్లూ కడుక్కోలే. బండి పక్కన అరటాకుల మీద పండుకోబెట్టినాం. పురుగు ముట్టిందక్కా. నాగుపాము. కుడిచేతికి, బొటనవేలు కింద. పడగ నేనే కండ్లారా చూసినా."

"మోటరు కాడ కాళ్లు కడుక్కుంటాండాడంటివే?"

"నీకు గుండె నిబ్బరం లేదంట గదా, ఇంట్లో చెప్పొద్దని మాట పడిపోకముందు నా చెయ్యి పట్టుకొని చెప్పినాడు. అందుకే అబద్ధం చెప్తి. ఇప్పుడు రెప్పలు వాలిపోయినాయి. తాళం యాడుందని అడిగేలోపలే నాలిక తిరగకపాయ. అడిగితే ఏందో గొణుగుతాడు, ఒక్క ముక్క తెలీడం లేదు."

"ఆయనకియ్యి ఫోను."

"మాట్లాడలేడక్కా."

"చెవి కాడ పెట్టు. మాట్లాడకపోయినా పెట్టు."

"పెట్టినా. చెప్పు, ఇంటాండాడు."

"బుష్రా అబ్బా, నేను. ఆట చాలు. నేను ఓడిపోతిలే, ఒప్పుకుంటి. నవ్వు ఇంక. ఇంటాండావా? నవ్వయ్యా. బుష్రా పేరన్నా పలుకు ఒగసారి. ఏం శబ్దమది? అది గొంతేనా? అమ్మా, ఆ శబ్దం ఆయనదేనా?"

"ఆయప్పదే. నోట్లోంచి చొంగ కారతాంది, తుడుస్తాండా."

"ఈపాటికి నవ్వేటోడు. ఎంత బిగబట్టుకున్నా ఆ మనిషి నవ్వు ఆపుకోలేడమ్మా. రెండుసార్లూ అట్లనే దొరికిపోయినాడు. యా అల్లా, ఇది నిజమే. నిజమేనా?"

"నిజం అక్కా."

"ఆసుపత్రికి ఎత్తుకోని పోకుండా నాతో మాట్లాడతాండావేంది మరి? ఎత్తండి, తీసుకోని పోండి!"

"దేంట్లో పోయేది? 108కు చేసినాం, బండి ఇంకో కేసుకు పోయింది, నలభై నిమిషాలు పడతాదన్నారు. మా ట్రాక్టరు పులివెందులలో రిపేరుకు ఇచ్చిండాం. దాన్ని తెస్తానని మా ఆయన ఉన్న ఒక్క మోటరుసైకిలు ఏసుకొని పొద్దున్నే పోయినాడు. ఫోన్ చేస్తే వస్తాండా అన్నాడు, ఎంత ఉరికినా అర్ధగంట. గెలలు మోసే కూలోళ్లు పదికి గాని రారు. ఈడ ఉండేది నేనూ మా అత్త వెంకటమ్మ. ఏదన్నా బండి ఆపుదామని ఆమె రోడ్డుకు పోయింది, ఆ రోడ్డేమో రెండు కిలోమీటర్లు. ఆ వయసులో ఎంత దూరం ఉరుకుతాది?"

"మా బండి తోలను నీకు వస్తాదా?"

"ట్రాక్టరు తోలేదాన్ని, ఇది తోలలేనా? తాళం ఉంటే ఇరవై ఐదు నిమిషాల్లో పులివెందుల పెద్దాసుపత్రిలో పెడతా. అంత దగ్గర, చూడు. అంత దగ్గర."

"ఎంతసేపైంది ముట్టి?"

"పావుగంట పైన. పది నిమిషాలు తాళంకోసమే ఎతికినా. టైర్ల సందుల్లో చూసినా. డీజిలు మూత కాడ చూసినా. బ్యాటరీ పెట్టె కింద, జాకీ సందులో, టార్పాలిను మడతల్లో, అన్నిట్లో చెయ్యి పెట్టినా. ఆ పాము ఇంకా ఆడనే ఉందేమో అని గూడా చూసుకోలే. నా మోచేతులు చీరుకపోయినాయి. నీకు ఫోన్ చేయాలని తోచింది చివర్లో."

"పాము బండి కింద ఉండిందా?"

"బండి కిందనే. తాళం బావిలో పడినప్పుడు ఆయప్ప బెదరలే తెలుసా? 'ఏం గాదులేమ్మా, నా బండికి ఇంకోటుంది, ఎంతటోడు వచ్చినా కనుక్కోలేడు' అని మీసం తిప్పినాడు. బండి ముందరకు పోయి వంగి చూసినాడు. చూసేసరికి మొగం నల్లబడింది. ఏంది అప్పా, ఏం ఎతుకుతాండావు, నేనూ చూస్తా అంటి. 'ఏం లేదు, ఏం లేదు, నువ్వు పో తల్లీ' అన్నాడు. రెండుసార్లు అడిగినా, రెండుసార్లూ అదే మాట. కిందికి దూరి గడ్డిలో, ఎండాకుల్లో తడుముతాండాడు. అంతలోకే అమ్మా అని చెయ్యి ఎనక్కి లాక్కున్నాడు."

"నీ ముందర చోటు చెప్పగూడదని. అంతే. పామును గూడా చూసుకోలే నా మొగుడు, నువ్వు చూస్తావేమోనని చూసుకున్నాడు."

"ఇప్పుడన్నా చెప్పక్కా."

"బుష్రా తల మీద ఒట్టేసినానమ్మా. 'నేను చచ్చినా చెప్పొద్దు' అన్నాడు."

"అది ఆయప్ప బాగున్నప్పుడు ఏయించుకున్న ఒట్టు. ఒట్టు తప్పిన పాపం ఏదన్నా ఉంటే నా నెత్తిన ఏసుకుంటా. బిడ్డకు తండ్రి ఉండాలా, ఒట్టుండాలా? చెప్పు. చెప్పక్కా, కండ్లు మూస్తాండాడు. ఏయ్ అప్పా, మౌలాలన్నా, తెరువు, కండ్లు తెరువు, నన్ను చూడు…"

"చెప్తాండా, చెప్తాండా! ముందర బంపరు కింద. నల్లతాడు కట్టి, దానికి నల్లగుడ్డ మూట ఏలాడదీసింటాది."

"మూటనా?"

"దిష్టి మూటమ్మా. నిమ్మకాయలు, మిరపకాయలు, గవ్వ ఉంటాయి, వాటి పైన పిడికెడు మూట. దాన్ని చించు. పటిక ముక్క, బొగ్గు ఉంటాయి. వాటి నడుమ ప్లాస్టిక్ కవరు చుట్టి తాళం పెట్టి నేనే కుట్టిచ్చినా. దొంగనాయాలు బండంతా తడుముతాడు గానీ పరాయి బండి దిష్టి ముట్టడు, ముడితే ఆ పీడ వానికే చుట్టుకుంటాదని భయపడతాడు అన్నాడు. నువ్వు భయపడొద్దు తల్లీ. చించు. దాంట్లో ఎంత పీడ ఉన్నా నాకే రానీ. నీకేమీ గాదు. పోయినావా?"

"బంపరు కిందదా అక్కా?"

"అవునమ్మా, బంపరు కిందనే, ఎడమచేతి పక్కకు. కనపడిందా? చేతికి అందుతాండాదా? గౌరమ్మా, మాట్లాడు. చించినావా? నేను ఇప్పుడే వలి బాషాను తీసుకొని పులివెందులకు బయలుదేరుతా. నువ్వు తోలుకొని పో, ఆసుపత్రి కాడ కలుస్తా. బండి స్టార్ట్ చేసినావా? శబ్దం రాలేదే."

"అక్కా."

"దొరికిందా?"

"అక్కా, ఈపొద్దు మా తోటలో తొలికోత. మూడేండ్లు నాటిందల్లా ఎండిపాయ, ఈయేడే గెలలేసింది."

"ఇప్పుడు తోట గురించి ఎందుకమ్మా? తాళం దొరికిందా లేదా?"

"తొలికోత ఎక్కే బండికి ఎవరి పాత దిష్టీ ఉండగూడదని మా అత్త చెప్పింది. మీ ఆయన టీ తాగను షెడ్డు కాడికి పోయిండె. పసుపునీళ్లు చల్లి, పైన జాలీకి కొత్త నిమ్మకాయలు కట్టినా. అడగాలని గూడా తోచలే. మంచికే గదా అనుకుంటి."

"ఏం చేసినావు?"

"కింద ఉన్న పాతదాన్ని కొడవలితో కోసేసినా. చేతికి బరువు తగిలింది. పటిక అనుకున్నా."

"కోసి? కోసి యాడ పెట్టినావు? ఆడనే యాడనన్నా పడేసింటావు. పో, తెచ్చుకో, ఉరుకు!"

"దిష్టిది తొక్కేచోట వేయగూడదని తోట పక్కన పారే కాలవలో ఏసినానక్కా, అప్పుడే కొట్టుకపాయ. మీ ఆయన పాము నోట్లో చెయ్యి పెట్టింది దానికోసమే."