నల్ల తెర మీద బావ ప్రతాపం

బావ గ్లాసు కింద పెట్టాడంటే కథ మొదలైనట్టేనని టీకొట్టు అక్కకి కూడా తెలుసు. మరదలు మాత్రం యజమానురాలి ముఖమే చూస్తూ కూర్చుంది. బావా, మరదలూ, యజమానురాలూ ముగ్గురూ ఎదురుగా ఉన్న ఫొటో స్టూడియోవాళ్లే. అమ్మకానికున్న ఇళ్లని లోపల చుట్టూ ఫొటో తీసి, అలా తీస్తే సాగిపోయినట్టు వచ్చే బొమ్మని నాలుగు గోడలూ, పైకప్పూ, నేలా అని ఆరు ముక్కలు చేసి ఇస్తే, కొనేవాళ్లు ఫోన్లో తిప్పి చూసుకుంటారు. పని పెరిగింది. కొత్త గది తీసుకున్నారు. దానికి పెద్ద ఎవరో, బటన్లు నొక్కే సాఫ్ట్‌వేర్ కొనాలో, నల్ల తెర మీద కమాండ్లు టైపు చేసే పద్ధతే చాలో ఇవాళ తేలాలి.

"బటన్లు చొక్కాకుండాలి మేడమ్," అన్నాడు బావ. "మొన్న మేడ ఇంటి ఫొటోలు ఒక్కోటీ తెరిచి, నొక్కి, సేవ్ చేసి నా ఓపిక పోయింది. మౌసు పక్కన పడేసి, నల్ల తెర మీద ఒక్క లైను కొట్టాను. ఫోల్డరంతా ముక్కలైపోయింది."

అంతవరకూ నిజమే, కొట్టింది మరదలన్నది తప్ప. బావ భాషలో 'నేను' అంటే ఇంట్లో ఎవరైనా కావచ్చు. భార్య చేసిన ఇస్త్రీ కూడా 'నేను చేసుకున్నా' అనే చెబుతాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? లైను ఆగదే! పక్క ఫోల్డరు చేసేసింది, ఇంకా తియ్యని ఫొటోలు కూడా చేసేసింది."

"తియ్యనివి ఎలాగయ్యా?" అంది టీకొట్టు అక్క.

"అదే కమాండంటే. ఒకాయన ఇంటికి పునాదే పడలేదు, నా ముక్కలు చూసి మేస్త్రీ గోడలు లేపాడు. మధ్యలో ఒక్క అంకె తప్పుపడి కప్పు కిందికీ నేల పైకీ పోయాయి. నేను సరిచేసేదాకా ఆ ఇంట్లోవాళ్లు ఫ్యాను దాటుకుంటూ నడిచారు పాపం."

యజమానురాలు నవ్వింది. నవ్వుతూనే కొత్త గది తాళంచెవి తీసి, బావ గ్లాసు పక్కన పెట్టింది.

మరదలు తన గ్లాసు కింద పెట్టింది. 'పోనీలేవే, ఆయనకి మాటలే కదా ఉన్నవి' అని ఇంట్లో తన అక్క అన్నప్పుడల్లా ఊరుకుంది. ఇప్పుడూ ఊరుకుంటే, ఆ గదిలో తను టైపు చేస్తుంది, ఇక్కడ బావ చెబుతాడు.

"నమ్మకపోతే సాక్ష్యముంది," బావ ఆగలేదు. "నేను కొడుతున్నప్పుడే, మన గది మధ్యలో ఉన్న కెమెరాని పరీక్షకని మేడమ్ బయటినుంచే ఫోన్లో నొక్కారు. నేను కెమెరా వెనకున్నాను కాబట్టి ఫొటోలో పడలేదంతే."

"ఆ ఫొటో నా దగ్గరుంది బావా. దాన్నీ ముక్కలు చేశాను," అని మరదలు తన ఫోను యజమానురాలికిచ్చింది.

ఆమె వేలితో తిప్పింది. కిటికీ. బీరువా. నల్ల తెర ముందు మరదలి వీపు. ఇంకాస్త తిప్పితే, బల్ల మీద కాళ్లు చాపి, పొట్ట మీద మౌసు పెట్టుకుని, నోరు తెరిచి నిద్రపోతున్న బావ.

టీకొట్టు అక్క వంగి చూసింది. "ఫొటోలో గురక వినబడదు కదూ," అంది.

యజమానురాలు తాళంచెవిని బావ గ్లాసు పక్కనుంచి మరదలి వైపు జరిపింది. "బటన్లా, కమాండ్లా? నువ్వు చెప్పమ్మా."

"రెండూ కావాలి మేడమ్. మొదటి ఫొటో బటన్లదాంట్లో తెరిచి, కప్పు పైనే ఉందో లేదో కళ్లతో చూసుకోవాలి. మిగతా ఫోల్డరు కమాండుకి అప్పగించొచ్చు." మరదలు తాళంచెవి తీసుకుంది.

బావ ఇంకా ఫోనువైపే చూస్తున్నాడు. "అయినా నేను వెనక కదా కూర్చున్నాను, ఎలా పడ్డాను?"

"చుట్టూ తీసే కెమెరా బావా," అంది మరదలు లేస్తూ. "దానికి వెనకంటూ ఉండదు."