గాజుల చప్పుడు

మదురై దగ్గరి ఓ చిన్న ఆసుపత్రిలో నర్సు ఎనిమిది నెలల గర్భిణి చెయ్యి పట్టుకుని చూస్తోంది. తెర అవతల బల్ల మీద అత్తగారు కూర్చుంది.

“నొక్కితే గుంట పడుతోందమ్మా. ఎన్నాళ్లైంది ఇలా ఉబ్బి?”

“వారమైందక్కా. ఒళ్లు చేశానని మా అత్త మురిసిపోతోంది.”

“ఇది ఒళ్లు కాదు, నీరు. బీపీ కూడా ఎక్కువుంది. గాజులు కండలోకి దిగాయి, తీసెయ్యాలి.”

“వలైకాప్పు సీమంతం నాడు తొడిగినవక్కా! కాన్పయ్యేదాకా తియ్యకూడదు. వీటి చప్పుడు ఆగిందంటే చాలు, నేనెక్కడున్నా మా అత్త వచ్చేస్తుంది.”

“సబ్బు రాసినా రావివి. గుడ్డ చుట్టి మెల్లగా పగలగొడతా. ఆ రెండో చెయ్యి ఆడిస్తూ ఉండు.”

“ఆడిస్తున్నా. మరి దీని వంతు వచ్చినప్పుడో?”

నర్సు మొదటి చేతికి గుడ్డ చుడుతుంటే, అటే చూస్తున్న ఆమె రెండో చెయ్యి ఆగింది.

“ఏమే, చప్పుడు లేదేం?” అంది తెర అవతలి గొంతు.