జాబితాలో పచ్చచుక్క

హుబ్బళ్ళి నర్సింగ్ కాలేజీ పరీక్ష హాలులో, నిచ్చెన చివరి మెట్టు మీద నిలబడి, మాలతేశ్ రెండేళ్ల తర్వాత దావణగెరెలోని వదిన నాగవేణికి ఫోన్ చేశాడు. పంతం కన్నా అవసరం ఒక మెట్టు పైనే ఉంటుంది మరి.

"బాగున్నామని మూడుసార్లు చెప్పాను. ఇక అసలు సంగతికి రా, మాలతేశా."

"ఏం లేదు వదినా. వైఫై పెట్టెలు నాలుగు బిగించాను. మూడు పనిచేస్తున్నాయి. నాలుగోది మొండికేసింది."

"కేబుల్ మార్చి చూశావా?"

"చూశాను."

"రీసెట్?"

"మూడుసార్లు నొక్కాను. లేచి మళ్ళీ మన షాపు పేరే చూపిస్తోంది. కాలేజీ ఖాతాలో చేర్చబోతే, ఇది వేరేవాళ్ల ఖాతాలో ఉంది, కుదరదంటోంది."

"కొత్త పెట్టె మన షాపు పేరెందుకు చూపిస్తుంది?"

"పదకొండింటికి ఆన్‌లైన్ పరీక్ష వదినా. నూట ఇరవై మంది అమ్మాయిలు వచ్చి కూర్చుంటారు. ఈ మూల ముప్పై మందికి వైఫై అందదు. ప్రిన్సిపాల్ అప్పుడే రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళింది. ఇది చెడితే ఈ ఊళ్ళో నాకింకో పని దొరకదు."

"నేనడిగింది అది కాదు."

"నాలుగో కొత్తది వచ్చేటప్పుడే పాడై వచ్చింది. అందుకని నా దగ్గరున్న పాతది... ఆ రోజు తెచ్చుకున్నది."

"తెచ్చుకున్నదా, గోడ మీంచి పీక్కెళ్ళిందా? మీ అన్నయ్య కాలికి కట్టుతో ఇంటికొచ్చేసరికి గోడకి నాలుగు కన్నాలు మిగిలాయి."

"మరి నిచ్చెన పట్టుకోమంటే ఫోన్ పట్టుకున్నవాడివి, నా కళ్ళ ముందు ఉండొద్దు అన్నాడు. మీరూ విన్నారు."

"అబద్ధం అన్నారా?"

"లేదు. రెండు నిమిషాలు వదిలాను, అన్నయ్య పడ్డాడు. ఆ రెండు నిమిషాలు నాకింకా అయిపోలేదు వదినా."

"ఇప్పుడు నీ నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?"

"ఎవరూ లేరు. ఒక్కణ్ణే చేసుకుంటున్నాను, అలవాటైపోయింది. వదినా, షాపు ఖాతా లాగిన్ మీ దగ్గరే కదా. అందులో మన పెట్టెల జాబితాలోంచి ఈ ఒక్కటి తీసేయండి చాలు. నిమిషం పని. అన్నయ్యకు తెలియక్కర్లేదు."

"తెలియకుండా ఎలా? పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఆ జాబితానే తెరుస్తారు."

"పోయిన పెట్టె కోసమా? నా మీద అంత కసా?"

"నువ్వు ఊరూరా వెళ్ళి సిగ్నల్ ఎంతదూరం వస్తుందో చూసేది దాంతోనేగా? అది నెట్‌కి తగిలితే చాలు, ఇక్కడ పచ్చచుక్క వెలుగుతుంది. పక్కన ఊరి పేరు. హరిహర్, రాణెబెన్నూరు, గదగ్. 'వాడు గదగ్‌లో ఉన్నాడే' అని నాకు చెప్పి, అప్పుడు కాఫీ ముట్టుకుంటారు. పోయిన శ్రావణంలో పంతొమ్మిది రోజులు చుక్క వెలగలేదు. మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు."

"జ్వరం వచ్చింది. గదిలోనే పడి ఉన్నాను."

"ఎవరికి తెలుసు? మాకు నల్లచుక్కే కనిపించింది. ఇప్పుడు అదీ తీసేయమంటున్నావు."

"వద్దు, తీయకండి... అలా కాదు వదినా, తీయాలి. పది ముప్పావు అయింది. అమ్మాయిలు వచ్చేస్తున్నారు. నన్నేం చేయమంటారు?"

"నన్నడగకు. ఫోన్ స్పీకర్‌లో ఉంది. మొదట్నుంచీ."

"అన్నయ్యా?"

"తీయను. ఆ పెట్టె నా జాబితాలోనే ఉంటుంది. కాలేజీ వైఫై పేరూ పాస్‌వర్డూ చెప్పు, ఇక్కణ్ణుంచే దాంట్లోకి ఎక్కిస్తాను. ముందు నిచ్చెన దిగు. కింద ఎవరూ లేరన్నావు కదా."