కత్తిరింపు బల్ల మీద మీ తాతయ్య

ఆ స్కేలు ముందు ఇలా ఇయ్యి. ఇస్తావా, ఇవ్వవా? ఆఁ, అలా. ఇప్పుడు కూర్చో. నీ కొడుకెక్కడికీ పోడు, మంచం కింద దూరాడు, ఆకలేస్తే వాడే వస్తాడు. బళ్ళో పక్కపిల్లాడి మీద చెయ్యి చేసుకున్నాడు, సరే, తప్పే, నేను కాదన్నానా? "వీడికెక్కణ్ణుంచి వచ్చిందీ బుద్ధి" అని కేకలేశావు చూడూ, ఆ మాటకే మా అత్తగారు గుర్తొచ్చారు. మీ తాతయ్య వాళ్ళమ్మ. నువ్వు చూడలేదులే, మీ నాన్నే సరిగ్గా ఎరగడు.

మనిషి ఇంతే, నా భుజం దాకా వచ్చేవారు కాదు. నోరు మాత్రం, అబ్బో! ఇంటి ముందు గదే టైలరు షాపు. కొలతలు తీసేది మా మామగారి నాన్న, అందరూ పెద్దాయన అనేవాళ్ళు. కత్తిరించేది మా మామగారు. మిషన్ల మీద కుట్టేది కూలికొచ్చేవాళ్ళు. కాజాలు తీసి గుండీలు కుట్టేది మా అత్తగారు. కాపరానికొచ్చిన కొత్తలో ఏ చొక్కా తిరిగొచ్చినా తిట్లు ఆవిడకేనట, చివరి చెయ్యి ఆవిడది కదా. ఓసారి ఎవరిదో కోటు, గుండీ పడక పొట్ట దగ్గర నోరు తెరిచిందట. కొలత తప్పు రాసింది పెద్దాయన, చివాట్లు ఈవిడకి. అప్పుడు గొడవ పెట్టుకుని ఓ రూలు పెట్టించారు. తిరిగొచ్చిన బట్టని బల్ల మీద పరిచి, కొలత నుంచి మొదలెట్టి చూడాలి. తర్వాత కత్తిరింపు, తర్వాత కుట్టు. గుండీ ఆఖర్న. మా మామగారు ఆ రూలు గురించి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేవారు, తనే కనిపెట్టినట్టు. మగాళ్ళంతే, నవ్వకు.

ఏం చెప్తున్నాను? ఆఁ, మీ తాతయ్య. నువ్వు చూసిన శాంతమూర్తి కాదమ్మా అప్పుడు! గిల్లడం, రక్కడం, తొయ్యడం. ఎనిమిదేళ్ళకే రౌడీ. ఓ రోజు పలక పెట్టి ఎవడిదో పన్ను రాలగొట్టారు. మాస్టారు షాపుకొచ్చి, "ఇంకొక్కసారి ఇలా జరిగితే బడికి పంపకండి" అని చెప్పి వెళ్ళిపోయారు. మా మామగారు గజం బద్ద అందుకున్నారు. ఆ బద్ద బట్ట కొలిచింది తక్కువ, మీ తాతయ్య వీపు కొలిచింది ఎక్కువ. మామగారు మాత్రం తక్కువ తిన్నారా, పెద్దాయన చేతిలో అదే బద్దతో? ఆస్తులేం లేవు గానీ వంశపారంపర్యంగా అదొక్కటీ వచ్చింది.

మా అత్తగారు సూదిలో దారం ఎక్కిస్తున్నారట. లేచారు. కొడుకుని చంకల కింద పట్టి ఎత్తి, కత్తిరింపు బల్ల మీద, పరిచి ఉన్న కొత్త గుడ్డ మీదే నిలబెట్టారు. "ఏమండీ, మన సరుకు తిరిగొచ్చింది. రూలు ప్రకారం చూడండి" అన్నారు. "ఏంటే నీ వాగుడు, పక్కకి జరుగు!" "జరగను. కొలత ఎవరిది?" కుట్టేవాళ్ళు మిషన్లు ఆపేశారు. పెద్దాయన కళ్ళజోడు తీశారు. "కత్తిరింపు ఎవరిది? ఆఖర్న చూడాల్సినవాణ్ణి మొదట కొడతారేం? కొట్టండి, వద్దన్నానా? వరసలో కొట్టండి. మావయ్యగారితో మొదలెట్టండి."

ఎంత గుండెధైర్యమో చూడు! ఆ రోజుల్లో మామగారి ఎదురుగా కూర్చోవడానికే జంకేవాళ్ళం. మా మామగారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయారు. అప్పుడు పెద్దాయన, పులిలాంటి మనిషి, మెల్లిగా లేచొచ్చి కొడుకు ముందు అరచెయ్యి చాపారట. "కోడలు సరిగ్గానే చెప్పింది. కొలత నాదేరా. కొట్టు" అన్నారట. కొడతారా? కన్నతండ్రిని? బద్ద కింద పారేసి, అంత మనిషీ బావురుమన్నారు. బల్ల మీంచి మీ తాతయ్య, "నాన్నా, ఏడవకు, నేనింక ఎవర్నీ కొట్టను" అంటూ తనూ ఏడుపు. మా అత్తగారేమో, "ముందు దిగరా, గుడ్డ నలిగిపోతోంది!"

మాట నిలబెట్టుకున్నారా అంటే, అదేం లేదు, ఇంకో రెండు మూడు గొడవలు తెచ్చారు. కానీ ఆ బద్ద మళ్ళీ మనిషి మీద లేవలేదు. మీ తాతయ్య మీ నాన్న మీద ఈగ వాలనివ్వలేదు. మీ నాన్న నిన్నెప్పుడైనా కొట్టాడా? పోనీ చెయ్యెత్తాడా? లేదు కదా! అదంతా మీ నాన్న మంచితనమే అనుకున్నావా? ఆ పొట్టిమనిషి గెలిచి పెట్టిన గెలుపే అమ్మడూ అది!

ఏంటీ? మొన్న పాలు ఒలకబోశాడని వాడి చెంప మీద ఒక్కటేశావా... ఇంతకీ ఇవాళ వీడు ఆ పిల్లాణ్ణి ఎక్కడ కొట్టాడన్నావ్?

ఊఁ. చెంప మీదే.

సరేలే, ఏడవకు. వెళ్ళు. వాణ్ణి బయటికి రమ్మనకు, నువ్వే ఆ మంచం కింద దూరు, చోటు సరిపోతుంది. ఈ స్కేలు నా దగ్గరుంటుంది, కిటికీ తెరలు కొలుచుకోవాలి.