గట్టయ్య సెలవు చీటీ

1968 వేసవి. తార్నాకలో ఉండే ఒక ఆఫీసు ప్యూను, తన పక్క గదిలో అద్దెకుంటూ ఫిలాసఫీ ఎం.ఏ. చదివే కుర్రవాణ్ణి వెతుక్కుంటూ క్యాంపస్‌కు వచ్చాడు.

“సార్, లీవుకు దర్ఖాస్తు రాయాలె. గట్టయ్య పోయిండని ఊరి నుంచి జాబొచ్చింది.”

“గట్టయ్యవు నువ్వే గదన్నా!”

“ఆఫీసుల నేనే. ఊర్ల మా అన్న. నౌకరి ఆయనకే వచ్చింది. పట్నం నీళ్లు పడక వారానికే వాపస్ పోయిండు. ఆయన పేరు మీద నేనొచ్చిన. తొమ్మిదేండ్లాయె. నా అసలు పేరు భీమయ్య.”

“పేరుదేముందిలే. ‘నేను’ అనేదే లేదని పొద్దున క్లాసులో చెప్పినారు. ఈ ఒళ్లు, తలపులు, జ్ఞాపకాలు, అన్నీ కలిపి పెట్టుకున్న పేరంతే.”

“గట్లనా? మరి దర్ఖాస్తుల ఎవరు పోయిండని రాస్తరు?”

“అన్న గట్టయ్య పోయినాడని రాస్తే, కింద సంతకం పెట్టేదీ గట్టయ్యే. తమ్ముడు భీమయ్య పోయినాడని రాయాల్సిందే.”

“అంటే పోయింది నేనన్నట్టు.”

“కాగితం మీదనే గదన్నా.”

“రాయుండ్రి. కానీ సార్, తమ్ముడు పోతే అన్న గుండు చేయించుకోడు. నేను గుండుతోని వస్తే పెద్దసారు పట్టేస్తడు.”

“అయితే గుండు మానుకో. అదీ ఒక ఆచారమే గదా.”

“ఎట్ల మానుకుంట? రుమాలు చుట్టుకొని వస్తా తీయుండ్రి. పేరు మా అన్నదే, నేను కూసునే స్టూలు మా అన్నదే. నెత్తి మాత్రం తమ్మునిది.”